పడవ నీళ్లలోకి దిగిన రోజు

మూడు నెలలు కష్టపడి తీసిన డాక్యుమెంటరీ చూసి మా కాలేజీ మేడమ్ ఒకే మాట అన్నారు: "చెక్కలు బాగున్నాయి. మనిషేడీ?"

మా గిమరాస్ దీవిలో పడవలు కట్టే ఎల్పిడియో అన్న కెమెరా కనబడితే చాలు, ముఖం తిప్పేస్తాడు. "నన్నెందుకమ్మా, పడవను తియ్యి. అందగత్తె అదే" అంటాడు. బతిమాలి కూర్చోబెడితే పక్కింటివాళ్ల కరోకే పాటల పెట్టె మోగుతుంది. ఆపమని అడగబోతే ఆ ఇంట్లో పుట్టినరోజట. నూడుల్స్ తినిపించి, నాచేతా పాడించి గానీ వదల్లేదు. తిరిగొచ్చేసరికి అన్న పరార్.

ఇక మిగిలింది పడవను సముద్రంలోకి దింపే రోజు. అది ఒక్కసారే జరుగుతుంది. అదీ చేజారితే ఈ ఏడు నేను తప్పినట్టే.

పొద్దున్నే పోటు వేళకు నేనూ కెమెరా పట్టే నోనోయ్ ఒడ్డుకు చేరాం. పెద్ద గిన్నెలో కోడిగంజి ఉడుకుతోంది. మగవాళ్లు సగంమంది మామిడి కోతలకు పోయారు. ఉన్నవాళ్లు పడవను కాస్త జరిపారో లేదో, ఇసుకలో కూరుకుపోయింది. పోటు ఎవరికోసం ఆగుతుంది?

"ఏంటర్రా, దిష్టిబొమ్మల్లా నిలబడ్డారు? గంజికి మాత్రం ముందుంటారు!" గంజి కలుపుతూ పిలార్ అవ్వ మా ఇద్దరి మీద అరిచింది. ఒడ్డంతా గొల్లున నవ్వింది. పడవ కింద భుజం పెట్టనివాడి పేరు మా దగ్గర ఏళ్ల తరబడి చెప్పుకుని నవ్వుతారు.

"అక్కా, మరి కెమెరా?" అన్నాడు నోనోయ్.

బరువెత్తకూడని మనిషి అక్కడ ఒక్కతే ఉంది. అన్న భార్య నెనిత వదిన, నిండు చూలాలు, కొబ్బరి మొద్దు మీద కూర్చుంది. కెమెరా ఆమె చేతిలో పెట్టాను.

"వదినా, ఎర్ర చుక్క వెలుగుతుండాలి. అంతే."

"ఓస్, ఇంతేనా! దీనికా కాలేజీ చదువులు?"

పడవ కదిలింది. భుజం దోక్కుపోయినా అందరితోపాటు నేనూ కేకలు పెట్టాను.

గంజి తాగాక, తీసింది చూసుకుంటే పడవే లేదు! మొదటినుంచి చివరిదాకా ఎల్పిడియో అన్నే. పళ్లు బిగించి తోస్తున్నాడు. జారిపోతున్న నిక్కరును ఒంటిచేత్తో లాక్కుంటున్నాడు. తర్వాత నడుముల్లోతు నీళ్లలో నిలబడి ఏడుస్తున్నాడు. మేమంతా పక్కనే గంతులేస్తున్నాం గానీ ఒక్కరమూ గమనించలేదు. మోచేత్తో కళ్లు తుడుచుకుని ఒడ్డువైపు తిరిగాడు, తీస్తున్నది ఎవరో చూశాడు, సిగ్గుపడి నవ్వాడు.

"అక్కా, మన సినిమా దొరికింది" అన్నాడు నోనోయ్ మెల్లగా. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

అయినా ఉండబట్టలేక అడిగాను. "వదినా, పడవేదీ?"

గంజి గిన్నె తోముతూ వదిన తలైనా ఎత్తలేదు.

"ఊరంతా పడవనే చూస్తుంటే, ఈయన్ని ఎవరు చూస్తారే?"