సతుర్నీనా కుస్కో చూసిన రోజు

నియేవెస్ భర్త పిడుగుపడి పోయి నాలుగేళ్ళయింది. పిల్లల్లేరు. అయినా ఆమె పుట్టింటికి వెళ్ళలేదు. పెరూ కొండల్లో ఎస్పినార్ అనే పైమైదానంలో అత్త సతుర్నీనాతోనే ఉంటూ, గొర్రెల్లా ఉన్నినిచ్చే అల్పాకాల మందను కాసేది. ఉన్ని అమ్మడానికి కుస్కో నగరానికి వెళ్ళివస్తున్నప్పుడు ఫొర్తునాతో అనే రొట్టెల బట్టీ మనిషి పరిచయమయ్యాడు. పెళ్ళి చేసుకుందామన్నాడు. నియేవెస్ ఆ సంగతి అత్తకు దాచకుండా చెప్పింది.

సతుర్నీనా కొన్నాళ్ళు మంద వెంటే తిరిగింది. తర్వాత ఒక ఉదయం టోపీ దులుపుకుంటూ, "నేనూ వస్తా. ఆ మనిషిని చూపించు" అంది.

కుస్కోలో ఫొర్తునాతో బస్సులు ఆగే చోటికి పళ్ళెమంత గుండ్రటి రొట్టె పట్టుకుని వచ్చాడు. సతుర్నీనా దాన్ని వాసన చూసింది.

"సోంపు వేశావా?"

"వేశానమ్మా."

"ఊదితే ఎగిరిపోయేట్టుంది. కడుపులో నిలబడేది పెట్టించు."

సాన్ పెద్రో బజారులో గొర్రె తలకాయ పులుసు పెట్టించాడు. రెండు గిన్నెలు తాగింది. బాగుందని మాత్రం అనలేదు.

ఊరంతా తిప్పాడు. చర్చీలు, చెక్క వసారాలు ఆమె పెద్దగా పట్టించుకోలేదు. పాతకాలం వాళ్ళు సూది దూరనంత బిగువుగా పేర్చిన రాతిగోడ దగ్గర మాత్రం ఆగి, చేత్తో తడిమింది.

"మన దొడ్డికి ఇలాంటి గోడ ఉంటే నక్క వచ్చేది కాదే" అంది కోడలితో.

కొండ మీది కోటకు మెట్లెక్కుతుంటే ఫొర్తునాతో రొప్పసాగాడు. అత్తాకోడళ్ళ ఊరు అంతకన్నా ఎత్తున ఉంది, వాళ్ళకు ఆయాసమే రాలేదు.

"ఏమయ్యా, ఊపిరంతా బట్టీలో పోసి వచ్చావా?" అంది సతుర్నీనా.

నియేవెస్ శాలువా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సక్సాయ్‌వామన్ అనే ఆ కోట శిథిలాల ఎదుట నున్నటి బండ ఒకటి ఉంది. పిల్లలు దాని మీద జారుతున్నారు. సతుర్నీనా కాసేపు చూసింది. తర్వాత ఎవరికీ చెప్పకుండా వెనక నుంచి పైకెక్కి, లంగాలు పోగుచేసుకుని కూర్చుంది.

"అత్తా! వద్దు!" అని నియేవెస్ అరిచేలోపే జారింది. టోపీ ఎగిరిపోయింది. కింద ఫొర్తునాతో పట్టుకోబోతే అతన్ని గుద్దేసింది. ఇద్దరూ గడ్డిలో దొర్లారు.

నియేవెస్ పరుగున వెళ్ళింది. అత్త వెల్లకిలా పడి ఉంది. నోరు తెరిచి నవ్వుతోంది. కొడుకు పోయాక ఆమె నవ్వగా నియేవెస్ చూడలేదు.

సతుర్నీనా లేచి కూర్చుని గడ్డి దులుపుకుంది. ఉన్నట్టుండి అతన్ని అడిగింది.

"ఈ వయసుకు నీకు ముందో పెళ్ళాం ఉండి ఉండాలే?"

"ఉండేదమ్మా. ఇంకొకతనితో లీమా వెళ్ళిపోయింది."

"ఎందుకట?"

"రాత్రి బట్టీ, పగలు నిద్ర. దానితో మాట్లాడే వేళే ఉండేది కాదు. తప్పు నాదే అనుకుంటా."

సతుర్నీనా అతని ముఖంలోకి చూసి, కోడలి వైపు చెయ్యి చూపింది.

"ఇదీ విసుక్కుంటుంది. కాని ముఖాన కనబడదు. గిన్నెలు గట్టిగా మోగితే తెలుసుకో."

"అత్తా!"

"నువ్వుండవే. ఉన్ని కత్తిరింపు అయ్యేదాకా పంపను. తర్వాత నీ ఇష్టం."

"మీరూ మా దగ్గరికి వచ్చేయండమ్మా" అన్నాడు ఫొర్తునాతో.

"మందనెవరు కాస్తారు, నీ రొట్టెలా?"

తిరుగు బస్సులో నియేవెస్, "నీకు కోపం లేదా అత్తా?" అని అడిగింది.

"ఎందుకు లేదు? ఏటా అనుకునేదాన్ని, ఈసారి వెళ్ళిపోతుందిలే అని. నువ్వు కదల్లేదు. నిన్ను చూస్తే పోయిన వాడే గుర్తొచ్చి కోపమొచ్చేది. వెళ్ళిపోతానంటే ఇప్పుడు ఇంకోలా కోపం వస్తోంది." అలా అని కళ్ళు మూసుకుంది. నియేవెస్ ఆమె భుజాన తల ఆనించింది. సతుర్నీనా జరగలేదు.

కత్తిరింపు అయ్యాక ఫొర్తునాతో ఊరైన ఒరొపెసాలో పెళ్ళి జరిగింది. సతుర్నీనా వచ్చి, నాట్యమాడి, మర్నాడే వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆమెకు తోడుగా విధవ చెల్లెలు వచ్చి ఉండసాగింది. మరుసటి ఏడు ఫొర్తునాతో బట్టీ మూసి ఉన్ని కత్తిరింపు సాయానికి వెళితే, పట్టుకున్న మొదటి అల్పాకాయే అతని ముఖాన ఉమ్మింది. సతుర్నీనా ఆ సంగతి ఆ చుట్టుపక్కల గుడిసెలన్నిటికీ తిరిగి చెప్పి వచ్చింది.