మెట్లు ఆరేదాకా

మూడో అంతస్తు మలుపులో తుడుపుకర్ర గోడకు ఆనించి, మరిగో నడుము నిటారుగా చేసుకుంది. బకెట్‌లో నీళ్లు బూడిదరంగుకు తిరిగాయి. బ్లీచింగ్ వాసన మాస్కులోంచి కూడా ముక్కులో గుచ్చుతోంది. బయట చర్చి గంట మోగింది. ఒక్క దెబ్బ. చాలాసేపటికి మరో దెబ్బ. గుడ్ ఫ్రైడే నాడు ఏథెన్స్‌లో గంటలన్నీ చావుగంటలే, సాయంత్రందాకా అలాగే మోగుతాయి. ఈ రోజు సబ్బు ముట్టకూడదని ఊళ్లో వాళ్లమ్మ అనేది. కానీ పండక్కి మెట్లు మురికిగా ఉంటే ఎవరూరుకుంటారు? అయినా కరోనా వచ్చిన ఈ ఏడాది ముట్టకూడనివి చాలానే ఉన్నాయి. తలుపు గొళ్లాలు, లిఫ్టు మీటలు, మనుషులు.

చేతితొడుగు విప్పి ఫోను తీసింది. కూతురు లెమొనియా సూపర్‌మార్కెట్‌లో బిల్లులు కొడుతుంది.

"మాస్కు పెట్టుకున్నావా?"

"పెట్టుకున్నా."

"ముక్కు మీదికా, గడ్డం కిందికా?"

"అమ్మా, నా ముందు పదిమంది నిలబడి ఉన్నారు. పొద్దున్నించి ఇది మూడోసారి."

"వాళ్లలో ఎవరైనా దగ్గుతున్నారా?"

"ఇంకా లేదు. నువ్విలాగే వాగిస్తూ ఉంటే నేనే మొదలుపెడతాను."

ఫోను ఆగిపోయింది. మరిగో మూడుసార్లు సిలువ గుర్తు వేసుకుని, మళ్లీ తొడుగు తొడుక్కుంది.

ఆమెకు యాభై ఎనిమిదేళ్లు. పొట్టి మనిషి. ముప్ఫై నాలుగేళ్లుగా మెట్లు కడిగి కడిగి కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగింది. మోకాళ్లు రెండూ ఉబ్బి, మేజోళ్లలో ఉల్లిపాయల్లా కనిపిస్తాయి. పదకొండు భవనాల్లో ఏ మెట్టు అంచు విరిగిందో, ఏ పాలరాయి నీళ్లు తాగుతుందో, ఏది గంటసేపైనా ఆరదో ఆమెకు కంఠస్థం. ఆ భవనాల్లో ఉండేవాళ్లలో చాలామందికి ఆమె మొహం గుర్తుండదు. బకెట్ చప్పుడు మాత్రం గుర్తుంటుంది.

ఆ భవనం ముగించి బయటపడేముందు కోటు జేబులో కాగితం ఉందో లేదో తడిమి చూసుకుంది. ఇరవై ఆరు రోజులుగా బయట అడుగు పెట్టాలంటే ప్రభుత్వానికి ఫోన్లో సందేశం పంపాలి. లేకపోతే తెల్లకాగితం మీద పేరు, చిరునామా, తేదీ, వేళ, కారణం నంబరు రాసి, సంతకం పెట్టి దగ్గర ఉంచుకోవాలి. రెండు అంటే సరుకులు. నాలుగు అంటే ఎవరికైనా సాయం. అయిదు అంటే అంత్యక్రియలు. ఆరు అంటే నడక. సందేశాన్ని మరిగో నమ్మదు. వెళ్లిందో, గాలిలో ఆగిపోయిందో ఎవరికి తెలుసు? కాగితమైతే చేతిలో ఉంటుంది. పదకొండు భవనాలకు పనిచేసే మనిషికి పనిలో ఉన్నట్టు ఏ ఒక్కరూ రాసివ్వరు కాబట్టి ఆమె ఎప్పుడూ ఆరే వేస్తుంది.

వీధి ఎవరి కలలోనో ఉన్నట్టుంది. చేదునారింజ చెట్లు రెండు వైపులా విరగబూశాయి. మామూలు రోజుల్లో బస్సుల పొగ మింగేసే వాసన ఈసారి కిటికీల దాకా, మేడల దాకా ఎక్కి కూర్చుంది. కదలని కార్ల అద్దాల మీద పూరేకులు మందంగా పరుచుకున్నాయి. కూడలిలో సిగ్నల్ దీపం ఎర్రబడింది, పచ్చబడింది, ఎవరి కోసమో. రోడ్డు మధ్యలో ఒక పావురం పెద్దమనిషిలా నడుస్తోంది. మరిగో దాని వెనకాలే, దాన్ని బెదరగొట్టకుండా నడిచింది.

మలుపులో పోలీసు ఆపాడు. కాగితం చదివాడు. బకెట్ వంక చూశాడు.

"ఆరు. నడకన్నమాట."

"అవును బాబూ."

"బకెట్టుతోనా?"

"అయిదంతస్తులు ఎక్కి దిగుతాను నాయనా, దాన్ని నడక కాక ఏమంటారు?"

అతని కళ్లు మాస్కు పైన నవ్వాయి. "మా అమ్మకంటే మొండిదానివిలా ఉన్నావే. పో అమ్మా, పండగపూట నీతో నాకెందుకు."

వీధి చివరిదాకా ఆమె వెనక్కి తిరగకుండా నడిచింది. వెనక్కి పిలుస్తాడేమో, బకెట్ లాక్కుంటాడేమో, పేరు రాసుకుంటే రేపు లెమొనియా ఉద్యోగానికి చుట్టుకుంటుందేమో.

రెండో భవనంలో అయిదో అంతస్తు నుంచి మొదలుపెట్టాలి. అక్కడ ఎవాంథియా గారు ఉంటారు. ఎనభై ఆరేళ్లు. నలభై ఏళ్లు గుండీల దుకాణం నడిపిన మనిషి. ఎదురుపడ్డవాళ్ల మొహానికంటే ముందు కోటు గుండీలు చూస్తుంది. అయినవాళ్లంటే వోలోస్‌లో ఉన్న తమ్ముడి కొడుకొక్కడే. పండక్కి వస్తానన్నాడు. కానీ జిల్లా దాటే వీల్లేదు.

గుడ్ ఫ్రైడే నాడు గేటు పక్క చేదునారింజ కొమ్మ ఒకటి కోసి, చర్చిలో క్రీస్తు పూలపాడె మీద పెట్టడం ఆమెకు అరవై ఏళ్ల అలవాటు. ఈ ఏడాది చర్చి మూశారు. అయితే ఇంట్లో పటం ముందే పెట్టుకుంటాను, కాని కొమ్మ నా చేత్తోనే కొయ్యాలి, ఒక్కసారి కిందికి దింపు అని మంగళవారం అడిగింది. మరిగో రేపన్నది. బుధవారం వాన పడేలా ఉందన్నది. గురువారం పోలీసులు ఎక్కువమంది తిరుగుతున్నారన్నది. ఇవాళ ఇంక చెప్పడానికి ఏమీ మిగల్లేదు.

బకెట్ చప్పుడుకు తలుపు వెనక చేతికర్ర టక్కుమంది.

"వచ్చావా పిరికిదానా?"

"వచ్చానమ్మగారూ. తలుపు తియ్యకండి. పది ఇళ్ల గాలి మోసుకొచ్చాను."

"కోటేసుకుని కూర్చున్నాను. బూట్లు కూడా వేసుకున్నా. వంగి తాడు కట్టుకోడానికి ముప్పావుగంట పట్టింది. ఇవాళ కూడా రేపంటే ఈ కర్రతో కొడతా."

"ఇవాళే. మెట్లు కడిగి, ఆరాక పదకొండింటికి దింపుతాను."

"తర్వాత కడిగి చావొచ్చుగా. ముందు దింపు."

"ఈ మెట్ల మీదికి ఎవరి బూట్లు ఏ రోగం మోసుకొచ్చాయో ఎవరికి తెలుసు? లిఫ్టు మీటలు అందరూ నొక్కుతారు, మెట్లే మంచిది. తడి మీద జారితే తుంటి విరుగుతుంది. తుంటి విరిగితే ఆసుపత్రి. ఆసుపత్రిలో..."

"ఆసుపత్రిలో పాడె. ఆగావేం, చెప్పు. నన్ను రోజుకి ఎన్నిసార్లు చంపుతావే నువ్వు?"

ఆ మాట తగలకుండా మరిగో తలుపుకేసి మూడుసార్లు తూతూ అంది.

"కాగితంలో ఏ నంబరు వేశారు?" అడిగింది.

"ఆరు. కాని నాలుగు వెయ్యాలేమో అనిపిస్తోంది."

"సాయం కావలసినవాళ్లకు వేసేది అది! మీరు బాగానే ఉన్నారుగా, అపశకునం మాటలు ఎందుకు?"

"నాకు కాదే పిచ్చిదానా. నీకు. భయంతో గడగడలాడిపోతున్నావు, నీ చెయ్యి పట్టుకుని అన్ని మెట్లు దింపాలా వద్దా నేను?" తలుపు వెనక నవ్వు దగ్గులోకి జారింది. "పండక్కి రంగేసిన ఎర్రగుడ్డు కూడా పెట్టాను నీకు. పో, కడుక్కో. పదకొండు అంటే పదకొండు."

మరిగో ఒక్కో మెట్టూ వెనక్కి దిగుతూ కడిగింది. గుడ్డ పాలరాయి మీద కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి. గంట మోగినప్పుడల్లా చెయ్యి దానంతటదే ఆగుతోంది. మెట్ల మలుపుల్లో ఎండ పాలలా పోసినట్టుంది. అందులో ఆమె మొగుడు థొదోరిస్ ఈల వినపడ్డట్టయింది.

అతను భవనాలకు రంగులు వేసేవాడు. ఇరవై రెండేళ్ల కిందట అక్టోబరులో ఒకనాడు ఈల వేసుకుంటూ వెళ్లాడు. ఆ పొద్దున ఆమె చేపలు వేయిస్తోంది. తలైనా తిప్పలేదు. ఏ కీడూ తలుచుకోలేదు. మధ్యాహ్నం పరంజా కూలింది. అప్పట్నించి రోజూ లేవగానే లెమొనియాకు జరగగలిగిన చెడంతా ఒక్కొక్కటే తలుచుకుంటుంది. బస్సు, మెట్లు, జ్వరం, కరెంటు, చెడ్డ మనిషి. తలుచుకున్నది జరగదు. తలుచుకోని ఆ ఒక్కటే జరిగింది. అందుకే ఏదీ వదలకూడదు. లెమొనియా విసుక్కుంటుంది గాని, ఇరవై రెండేళ్లుగా పిల్ల మీద ఈగ వాలకుండా కాపాడింది ఏమిటట?

కింద వాకిలి తలుపు బార్లా తెరిచింది. గాలితోపాటు పూరేకులు లోపలికి వచ్చి తడి రాతికి అతుక్కున్నాయి. వాటిని ఊడ్చింది. మళ్లీ వచ్చాయి. మొదటి మలుపులోని రాయి నీళ్లు తాగేది, ఆరదు. మోకాళ్ల మీద కూచుని పొడిగుడ్డతో ఒత్తింది. చేతితొడుగు విప్పి అరచేత్తో తడిమి చూసింది. పదకొండు దాటి పది నిమిషాలయింది. ఇంకొంచెం. ఇంకొక్కసారి తడిమింది.

పైకి వెళ్లేసరికి తలుపు ఓరగా తీసి ఉంది.

ఎవాంథియా గారు బాల్కనీ పక్క కుర్చీలో కూర్చుని ఉంది. నల్లకోటు, పైనుంచి కిందిదాకా పెద్ద పెద్ద గుండీలు, అన్నీ పెట్టి ఉన్నాయి. చేతిరుమాలుతో కట్టుకున్న మాస్కు గడ్డం కిందికి జారింది. ఒళ్లో చేతిసంచి, దాని మీద రెండు చేతులు. బూట్ల తాళ్లు ముడి వేసి ఉన్నాయి. కళ్లు సగం మూసుకుని, వీధిలోకి చూస్తున్నట్టు.

"అమ్మగారూ, ఆరిపోయాయి," అంది మరిగో.

గంట మోగింది. మళ్లీ మోగేదాకా ఆమె అక్కడే నిలబడింది. తర్వాత దగ్గరికి వెళ్లి, ఇరవై ఆరు రోజుల్లో మొదటిసారి ఒక మనిషి చేతిని తొడుగు లేకుండా ముట్టుకుంది. ఇంకా పూర్తిగా చల్లబడలేదు.

జారడం, తుంటి, పోలీసు, లిఫ్టు మీట. అన్నీ తలుచుకుంది. కుర్చీని మాత్రం తలుచుకోలేదు.

మెట్లు దిగింది. రెయిలింగు పట్టుకోకుండా, మోకాళ్లు గుర్తు లేకుండా దిగింది. వాకిలి దాటి గేటు పక్క చెట్టు దగ్గరికి వెళ్లి, ఒక కొమ్మ వంచి, విరిచింది. కాగితం బకెట్ పక్కన విప్పి పెట్టిన కోటు జేబులో ఉండిపోయిన సంగతి పైకి తిరిగొచ్చాక గాని గుర్తు రాలేదు. కొమ్మను ఎవాంథియా గారి చేతుల కింద పెట్టింది. ఆ తర్వాతే గోడ మీద రాసి ఉన్న నంబరు చూసి వోలోస్‌కు ఫోను చేసింది.

"నన్ను రానివ్వరు గదా," అన్నాడు తమ్ముడి కొడుకు, ఏడుస్తూనే అలవాటుగా.

"ఇప్పుడు రానిస్తారు బాబూ. అయిదు వేసుకుని రా."

డాక్టరు వచ్చి రాసుకుని వెళ్లాడు. శవాన్ని తీసుకెళ్లేవాళ్లు సాయంత్రం వస్తారట. మరిగో బకెట్ తీసుకోవడానికి లేచినప్పుడు టేబుల్ మీద పడింది ఆమె చూపు. మూడు కాగితాలు. బుధవారానిది, గురువారానిది మడిచి పక్కన పెట్టి ఉన్నాయి. శుక్రవారానిది విప్పి ఉంది. గుండీల చీటీల మీద రాసే చిన్న గుండ్రటి అక్షరాల్లో పేరు, చిరునామా, వేళ పదకొండు. కారణం దగ్గర ఆరు కొట్టేసి, పక్కన నాలుగు వేసి ఉంది. కింద సంతకం.

బాల్కనీ గాలికి ఆ కాగితం అంచు లేస్తోంది, వాలుతోంది. మధ్యలో దాని మీద పెట్టిన ఎర్రగుడ్డు దాన్ని ఎగిరిపోనివ్వడం లేదు.