మూడో తెరచాప కొయ్య

వర్గ నాయకుడు నారాయణ ఇంటి తలుపుకు లోపలివైపు ఇనుప రేకు బిగిస్తున్నాడు జ్ఞానరాజు. బాంబు పడినా తలుపు ఊడకూడదట. ముప్పై ఏళ్లుగా కోడుమూరు చుట్టుపక్కల గడపలన్నీ చెక్కిన చేతులవి. ఎడమ బొటనవేలికి గోరు లేదు. ఏ వర్గం ఇల్లయినా ఆ చేతులకు పనే.

కాపలా ఉన్న మహానంది టీ గ్లాసు అందించాడు. "జ్ఞానరాజప్పా, లోపల ఎన్ని రూములుండాయో యాడా నోరిప్పొద్దు. అవతలోళ్లు కాచుకోని ఉండారు."

"నాకెందుకప్పా ఆ గొడవలు" అని మరో మేకు కొట్టాడు.

అతని ధ్యాసంతా ఓడ మీద ఉంది. ఆదివారం ఊరి చర్చికి నూరేళ్ల పండగ. మొదటి పాదిరి దొర వచ్చిన ఓడను చెక్కతో చేసిస్తానని మాటిచ్చాడు. సముద్రం చూడని మనిషికి ఓడేమిటని ఊరు నవ్వింది. భార్య జీవమ్మయితే అది కుడితితొట్టి అని తేల్చేసింది. ఓడకు మూడు తెరచాప కొయ్యలని చర్చి పుస్తకంలో ఉంది. రెండు నిలబెట్టాడు. మూడోది ఎక్కడ నిలబెట్టాలో చెప్పేవాళ్లు లేరు. అందాజుగా పెట్టడానికి మనసొప్పలేదు, మొండిమనిషి.

మధ్యాహ్నానికి పని ముగించి, ఆ ఓడ పటం దొరుకుతుందేమోనని ఆత్మకూరు వెళ్లాడు. పాత మిషను బంగళా వాచ్‌మన్ ప్రేమయ్య, "మళ్లీ వస్తివా" అని విసుక్కుంటూనే పాత కాగితాల పెట్టెల్లో ఆఖరిది తెరిచాడు. అడుగున, చెదలు అంచులు తిన్న కాగితం మీద ఓడ! గదులు, తలుపులు, మెట్లు, అన్నీ గీతలే. మూడో కొయ్య వెనకగా, చివరి గది పక్కన ఉంది. జ్ఞానరాజు కళ్లు చెమర్చాయి. బస్సులో దారంతా దాన్ని విప్పడం, చూడటం, మళ్లీ చుట్టడం.

పొద్దు గూకే వేళ ఊళ్లో, నారాయణ ఇంటి ముందే బస్సు దిగాడు. గంట ముందే అక్కడ అవతలి వర్గంవాళ్లు నారాయణ తమ్ముణ్ణి నరికేశారు. రోడ్డు మీద నెత్తురు ఇంకా ఆరలేదు. వేటకొడవళ్లతో నిలబడ్డవాళ్లలోంచి మహానంది వచ్చి కాగితం లాక్కుని విప్పాడు.

"ఏందిది?"

"ఓడ పటమప్పా. చర్చికి చేస్తాండా."

"ఈ కరువు సీమలో ఓడ!" మహానంది వేలు పెట్టి గదులు లెక్కబెట్టాడు. "పన్నెండు. మా నారాయణన్న ఇంట్లో గూడా పన్నెండే. పొద్దునే చెప్తి గదా. ఎవురికి ఇయ్యబోతాండావు?"

"దేవుని తోడు మహానందీ, అది..."

మాట పూర్తి కానివ్వలేదు. మొదటి వేటు కాగితం కోసం చాచిన చేతి మీద పడింది. రెండోది మెడ మీద. ఎవరి జోలికీ పోని మనిషిని, పొద్దున తాను రేకు బిగించిన తలుపుకు నాలుగడుగుల దూరంలో చంపేశారు. పటాన్ని అక్కడే తగలబెట్టారు.

ఆదివారం జీవమ్మ ఓడను ఒళ్లో పెట్టుకుని తెచ్చి చర్చిలో బల్ల మీద ఉంచింది. రెండు కొయ్యలు నిలబడి ఉన్నాయి. నున్నగా చిత్రిక పట్టిన మూడోది, ఎక్కడ నిలబెట్టాలో ఎవరికీ తెలియక, ఓడలోనే పడుకొని ఉంది.