వాన లేకుండా ఎక్కిన నీళ్లు

నేను ఒక కిత్తనార తాడును. వన్నూరప్ప నన్ను తన చేతులతో పేని, ఇసుక దిబ్బల మధ్య ఉన్న తన బావిలో నీళ్లు చేదడానికి వాడుకున్నాడు. ఏటా ఉగాదినాడు నన్ను గట్టు మీది నుంచి నీళ్ల దాకా దించి, ఆ కొలత దగ్గర ఒక ముడి వేసేవాడు. మొదటి ముడి ఇరవైరెండు మూరల దగ్గర పడింది.

తర్వాత ఆ ఎడారి లాంటి నేల మీదుగా కాలువ తవ్వారు. నీళ్లు వదిలిన రోజు ఊరంతా పసుపు కుంకుమ చల్లి హారతి ఇచ్చింది. నేనూ మనసులో దండం పెట్టుకున్నాను. వన్నూరప్ప తన రెండెకరాల కొర్రచేనును మడిగా మార్చి, కాలువ నీళ్లు పెట్టి వరి నాటాడు.

మరుసటి ఉగాదికి ముడి పద్నాలుగు మూరలకు వచ్చింది. ఆపై ఏడాది ఆరు మూరలకు. మూడో ఏడాది గట్టు మీంచి వంగితేనే చెంబు మునిగింది. నన్ను మేకుకు తగిలించారు. పని పోయిన అక్కసు అనుకుంటారేమో గాని, నాకు అనుమానం మొదలైంది అప్పుడే. చినుకు పడకుండా బావి ఎందుకు నిండాలి?

ఆయన భార్య తిప్పక్కకూ అదే అనుమానం. ఒక గుక్క తాగి ఉమ్మేసింది.

“ఉప్పగా ఉండాయి. పైనించి పడిన నీళ్లు కావివి. కాలవ నీళ్లు భూమిలోకి ఇంకి, అడుగునుండే ఉప్పును పైకి తెస్తాండాయి.”

“గంగమ్మ మీద కూడా అనుమానమేనా నీకు? రేపు నన్నూ అనుమానిస్తావు.”

“నిన్ను పెండ్లినాడే అనుమానించినాలే.”

చేను మీద తెల్లటి చౌడు తేలింది. కడిగేద్దామని వన్నూరప్ప ఇంకా నీళ్లు పెట్టాడు. పెట్టిన కొద్దీ తెల్లబడింది. గింజ పట్టలేదు. మురుగు పోయేటట్టు ఒక గాడి తీయమని తిప్పక్క పోరింది.

“వచ్చిన గంగమ్మను బయటికి తోలేదా? ఆ పాపం నాకొద్దు.”

చేలోకి వచ్చిన నీళ్లను వదిలేయడం ఆ ఊళ్లో అరిష్టం. కరువు నేర్పిన భక్తి అది. తప్పని అనడానికి నాకు నోరు రాదు.

“ఈ ఏడూ పోతే ఇది చేను కాదు, ఉప్పుమడి. పిల్లోళ్లకు ఏం పెడతావు?” అని, తిప్పక్క నన్ను మేకు మీంచి తీసి, చేను పొడవునా గీతకు పట్టి, ఒక్కతే తవ్వడం మొదలుపెట్టింది. వన్నూరప్ప కాసేపు గట్టు మీద కూర్చుని చూశాడు. తర్వాత లేచి, గాడిలో చిటికెడు పసుపు వేశాడు.

“తల్లీ, పొమ్మనడం లేదు. దారి ఇస్తాండాం” అని పార అందుకున్నాడు.

వరి మానేశారు. రెండేళ్ల వానలకు ఉప్పు కొంత కొట్టుకుపోయి, సగం చేలో కొర్ర మొలిచింది. నన్ను మాత్రం ఆ ఉప్పే తినేసింది. పీచుపీచై గట్టు మీదే ఉండిపోయాను. గాడిలో నీళ్లు వాలుకు, దిబ్బ అవతలికి పోతుంటాయి. అవతల ఎవరున్నారన్నది మేమెవరమూ ఆలోచించలేదు.

మొన్న దిబ్బ అవతలి ఎర్రిస్వామి నవ్వుతూ వచ్చాడు.

“తిప్పక్కా, మా బావిలో కూడా నీళ్లు మీదికొచ్చినాయి. దేవుడి దయ.”

తిప్పక్క నవ్వలేదు.

“మీ చేను ఏ పక్కకు వాలుతాది ఎర్రిస్వామన్నా?” అని మాత్రం అడిగింది.