చుట్టూ ఖాళీ లేని బిళ్ల

నేను ఒక కాగితపు బిళ్లను. బొట్టుబిళ్లంత ఉంటాను. తయారుచేసినవాళ్లు నన్ను మెరోపెనెమ్ అనే మందులో తడిపి ఆరబెట్టారు. మిగతా మందులు చేతులెత్తేసినప్పుడు డాక్టర్లు తీసే మందు అది. అందుకే నాకు కాస్త గర్వం. యాభైమందిమి ఒక గొట్టంలో ఇరుక్కుని జిల్లా ఆసుపత్రి ల్యాబ్ ఫ్రిజ్‌కు చేరాం.

జబ్బు నయం చేయడం నా పని కాదు, సోదె చెప్పడం. రోగి చీములోని క్రిములను పళ్లెంలో పరిచి, మందుకొక బిళ్ల చొప్పున మమ్మల్ని వాటి మీద పెడతారు. మర్నాటికి ఏ బిళ్ల చుట్టూ క్రిములు చచ్చి ఖాళీ కనిపిస్తే ఆ మందు పనికొస్తుంది.

నా వంతుకు నూకరత్నం వచ్చింది. పేగుకు చిల్లుపడి కడుపంతా చీము పట్టిన మనిషి. సర్జన్ సుభాషిణి కడుపు కడిగి కుట్టి, అంచనా మీద ఒక మందు మొదలుపెట్టారు. జ్వరం దిగలేదు. ఇక ఏ మందో మేమే చెప్పాలి.

టెక్నీషియన్ ఫరీదా నన్ను పట్టకారుతో పెడుతుంటే, నూకరత్నం భర్త సింహాద్రి కిటికీ దగ్గరికొచ్చాడు.

"అమ్మా, మంచి మందే ఇమ్మని సెప్పండి. జొరమొచ్చినా, కడుపునొప్పొచ్చినా మా ఊరి డాట్రు చేత మా ఆడదానికి పెద్ద సూదే ఏయించినాను. సిన్న సూది ఎప్పుడూ ఏయించనేదు."

"ఎన్ని రోజులు వేయించేవాళ్లు?"

"రెండ్రోజులు. తగ్గిపోతే ఆపేసీవోళ్లం."

జేబులోంచి ఖాళీ సీసా తీసి చూపించాడు. దాని మీద ఉన్నది నా పేరే. ఫరీదా చేయి ఆగింది. రెండేసి రోజుల సూదులకు చావకుండా మిగిలిన క్రిములు నన్ను తట్టుకోవడం ఎప్పుడో నేర్చేసుకున్నాయి. పాపం, అతను ప్రేమకొద్దీ చేయించాడు.

మర్నాడు అవి నా అంచుదాకా పచ్చికలా మొలిచాయి. నా చుట్టూ వెంట్రుకవాసి ఖాళీ లేదు. సిగ్గుతో పాటు ఏడుపూ వచ్చింది. ఓ మూలనున్న అమికాసిన్ అనే మరో మందు బిళ్ల చుట్టూ మాత్రం కాస్త ఖాళీ కనిపించింది.

సుభాషిణి పళ్లెం వెలుతురుకు ఎత్తి చూశారు. "ఇదొక్కటే మిగిలింది ఫరీదా. ఆవిడ కిడ్నీలు ఇప్పటికే నీరసించాయి. ఈ మందు దెబ్బకు తట్టుకుంటాయో లేదో." అయినా అదే రాశారు.

"పెద్ద మందేనా అమ్మా?" అని కిటికీలోంచి సుభాషిణిని అడిగాడు సింహాద్రి.

"ఉన్న మందు బాబూ."

ఇప్పుడు పళ్లెంతో సహా నన్ను పసుప్పచ్చ సంచిలో వేశారు. ఉడికించి పారేస్తారు. నూకరత్నం బతికిందో లేదో నాకు చెప్పేవాళ్లు లేరు. నా వల్ల కాదని చెప్పడమే నేను ఆమెకు చేయగలిగిన సాయం. సంచి మూతి కడుతుండగా సింహాద్రి కనిపించాడు. మళ్లీ అవసరమొస్తే పేరు తెలియాలని, ఆ ఖాళీ సీసాను భద్రంగా జేబులో పెట్టుకుంటున్నాడు.