పది మీద ముల్లు

నేను పైపుల్లో నీటి ఒత్తిడి చూపే గేజిని. ఇత్తడి ఒళ్లు, గుండ్రటి అద్దం, లోపల ఒక నల్ల ముల్లు. ఎక్కడ తయారయ్యానో తెలియదు. బొబ్బిలిలో ఒక హార్డువేర్ కొట్లో దుమ్ము పట్టి ఉంటే ప్లంబరు తవిటయ్య కొన్నాడు. కొత్త పైపులు వేశాక పంపుతో నీళ్లు కొట్టి నా ముల్లుని పది దాకా ఎక్కిస్తాడు; అది దిగితే పైపు ఎక్కడో కారుతున్నట్టు. మనుషులు నేను చూపిందల్లా నమ్ముతారు. అది వాళ్ల ఖర్మ.

నా ముల్లు మొదటినుంచీ మొండిది. ఎక్కడం సులువుగా ఎక్కుతుంది, దిగాల్సి వస్తే పట్టేస్తుంది. ఇది కనిపెట్టింది తవిటయ్య కాదు, అతని పెళ్లాం పైడమ్మ. అతను పంపు కొడుతుంటే నా ముందు కూర్చునేది. అంకె చదివే ముందు ఉంగరం వేలితో అద్దం మీద రెండుసార్లు కొట్టేది.

"దీన్ని లేపకుండా అడిగితే నిద్దట్లో ఏదో ఒకటి సెప్పెస్తాది," అనేది. తవిటయ్య నవ్వేవాడు. ఆ ఉంగరం తగిలి తగిలి పది అంకె మీద అద్దానికి గీత పడింది.

నిరుడు ఆవిడ జ్వరంతో పోయింది. ఆ తర్వాత నన్నెవరూ తట్టలేదు.

పోయిన నెల ఒక ఇంట్లో షవర్ పైపు కారింది. నేను పది మీదే నిలబడ్డాను. టైల్స్ వేశాక గోడ ఉబ్బింది, మొత్తం పగలగొట్టారు. తప్పు నాది. తిట్లు తవిటయ్యకి. అతనికి పనులిప్పించే టైల్స్ మేస్త్రీ గౌరీసు ఒకటే మాటన్నాడు.

"ఇంకోపాలి కారిందంటే నా పన్లో నీకు సోటు నేదు మావా."

ఇవాళ మళ్లీ కొత్త షవర్. తవిటయ్య నన్ను బిగించి, పది దాకా పంపు కొట్టి, వాల్వు కట్టేశాడు. గంట గడిచింది. నా లోపల ఒత్తిడి సన్నగిల్లుతోంది. నీళ్లు గోడలో ఎక్కడో జారిపోతున్నాయి. ముల్లు మాత్రం పది మీదే. దిగు, దిగు అనుకున్నాను. దిగలేదు.

గౌరీసు తాపీతో వచ్చాడు. "ఏటి మావా, దాని మొకమే సూస్తా కూకున్నావు? పెళ్లిసూపులా? అక్కడ సిమెంటు గట్టిపడిపోతంది."

"పదే ఉంది," అన్నాడు తవిటయ్య.

"అయితే టైలు ఎట్టెస్తన్నాను."

మొదటి టైలుకి సిమెంటు రాసేశాడు. తవిటయ్య నన్ను విప్పడానికి స్పానర్ ఎత్తాడు. ఎత్తిన చెయ్యి ఆగింది. అద్దం మీద గీత చూస్తున్నాడు.

"ఆగరా. మీ అత్త ఊరికినే కొట్టీది కాదేమో."

వేలితో రెండుసార్లు కొట్టాడు.

ముల్లు ఆరుకి పడిపోయింది.

కుళాయి కోసం వదిలిన కన్నంలో చెయ్యి పెట్టి చూశాడు. వెనక జాయింటు తడి. గౌరీసు టైలు కింద పెట్టేశాడు. "బతికిపోనావు మావా!"

పోయిన నెల ఏం జరిగిందో తవిటయ్యకి అప్పుడే తెలిసింది. నా వైపు చూశాడు. ఆ చూపులో క్షమించడం లేదు. నన్నో, తననో, నేను చెప్పలేను.

మర్నాడు కొత్త గేజి కొని, నన్ను పాత కుళాయిల బకెట్లో పడేశాడు. న్యాయమే. ఏదో ముక్క పనికొస్తుందని ఆ బకెట్టుని ప్రతి ఇంటికీ మోస్తాడు కాబట్టి అతని పని నాకు కనిపిస్తూనే ఉంది.

కొత్త గేజి ముల్లు నూనె రాసినట్టు తిరుగుతుంది. దాన్ని తట్టక్కర్లేదు. తవిటయ్యకీ ఆ సంగతి తెలుసు. అయినా చదివే ముందు, రెండుసార్లు కొడతాడు.