పేదల పిలుపు ఎవరిది?

“సాయంత్రం వస్తా సార్. అవునో కాదో అప్పుడు చెప్పండి,” అని సంజీవయ్య వీధిలోకి దిగాడు.

ప్రభుదాసు తలుపు గడియ వేసి వెనక గదిలోకి వెళ్లాడు. జొన్న గోతాల మధ్య లింగమ్మ మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. ఆళ్లగడ్డ నూనెమిల్లు యజమాని నరసింహులు దగ్గరుండి ఆమె మొగుణ్ణి నరికించాడు. అది కళ్లారా చూసింది ఆమె ఒక్కతే. వచ్చే వారం నంద్యాల కోర్టులో సాక్ష్యం చెప్పాలి. అందాకా ఆమె ప్రాణాలతో ఉండాలి.

ప్రభుదాసు మిషన్ స్కూల్లో టీచరు. ఆయన భార్య కృపావతిదీ లింగమ్మదీ ఒకే ఊరు. ఆ నమ్మకంతోనే లింగమ్మ నంద్యాల వచ్చి ఈ ఇంట్లో దాక్కుంది. ఆ సంగతి నాలుగో మనిషికి తెలియదనే ప్రభుదాసు అనుకున్నాడు. ఈ ఉదయం సంజీవయ్య వచ్చి, “పేదల పిలుపు పత్రిక విలేకరిని. లింగమ్మ జాడ మీకు తెలుసంట కదా?” అనేదాకా.

“నేను చెప్తా అయ్యవారూ,” అంది లింగమ్మ. “ఆ నరసింహులు పేరు అచ్చులో పడితే ఇంగ నన్నెవడు ముట్టుకుంటాడు?”

“ఆ పేపరు ఎవరిదో తెలీకుండా ఎట్ల చెప్తావు?”

“ఎవరిదైతే నాకేంది?”

“నరసింహులుదే అయితే?”

లింగమ్మ గోతాల వెనక్కి ఇంకాస్త జరిగింది.

సంజీవయ్య వదిలి వెళ్లిన సంచికను ప్రభుదాసు తిరగేశాడు. కర్నూలు రాజధాని అయినప్పటి నుంచి ఇలాంటి వారపత్రికలు సందుకొకటి పుట్టుకొస్తున్నాయి. చివరి పేజీ అడుగున ‘ప్రచురణకర్త: ఆదినారాయణ, ఆళ్లగడ్డ’ అని ఉంది. అంతకు మించి ఏమీ లేదు. స్కూలుకు సెలవు చీటీ పంపి ఆళ్లగడ్డ బస్సెక్కాడు.

అక్కడి బస్టాండు దగ్గర బీడీలు చుట్టే కొట్టం ఉంది. ఒక ముసలాయన్ని కదిలించాడు.

“పేదల పిలుపా? మంచి పేపరప్పా! నరసింహులు గుండెల్లో నిద్రపోయిన పేపరు!”

ప్రభుదాసుకు ప్రాణం లేచి వచ్చింది. పక్కన టీ బంకులో అడిగాడు. “నరసింహులు గుండెల్లో నిద్రపోయిన పేపరు సార్ అది,” అన్నాడు బంకువాడు. మంగలి షాపులో గడ్డం గీయించుకుంటున్న రైతూ ఆ మాటే అన్నాడు.

ముగ్గురు చెప్పారు. చాలు, తిరుగు బస్సెక్కుదామనుకున్నాడు. రెండడుగులు వేసి ఆగిపోయాడు. ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురి నోట అక్షరం పొల్లు పోకుండా ఒకే మాట ఎలా వచ్చింది?

వెనక్కి తిరిగి రైతును అడిగాడు. “నరసింహులు మీద ఏం రాసినారన్నా? నువ్వు చదివినావా?”

“నాకు చదువు యాడిది సారూ! బీడీ కొట్టంలో మద్దిలేటి చదువుతాడు, ఊరోళ్లందరం పోయి ఇంటాం.”

“ఆయన చదివింది పేపర్లో ఉందా లేదా?”

రైతు నురగ గడ్డంతో పెద్దగా నవ్వాడు. “చదివేటోని చేతిలో పేపరుంటే, నోట్లోంచి ఇంకేం వస్తాది సారూ?”

ప్రభుదాసుకు నవ్వు రాలేదు. తాను విన్నది ముగ్గురి మాట కాదు, మద్దిలేటి ఒక్కడి మాటే. ఆ ఒక్కడు తలపాగా సవరించుకుంటూ కొట్టం గుమ్మంలో నిలబడి తనవైపే చూస్తున్నాడు.

“ఏందప్పా, మా పేపరు గురించి ఊరంతా ఆరా తీస్తాండావంట?” అన్నాడు మద్దిలేటి. “యా ఊరు మనది?”

“డోన్. చందా కడదామని.”

“డోన్‌లో చందా కట్టేదానికి ఆళ్లగడ్డ దాకా వచ్చినావా? శానా అభిమానమే!”

కొట్టంలో అందరూ నవ్వారు. ప్రభుదాసు చెమట తుడుచుకుంటూ సందు తిరిగాడు. మనుషుల మాటలతో పని లేదు. పాత సంచికలు కావాలి. కానీ పత్రిక ఆఫీసుకు వెళ్లి అడిగితే పులి బోనులో తల పెట్టినట్టే. ఎదురుగా కమలాక్షమ్మ చిల్లర అంగడి కనిపించింది. ఆమె కాగితం చించి కందిపప్పు పొట్లం కడుతోంది. ఆ కాగితం మీద ‘పేదల పిలుపు’ అన్న అక్షరాలు సగం దాకా ఉన్నాయి.

“ఈ పాత పేపర్లు ఇస్తావామ్మా? పుస్తకాలకు అట్టలేసుకోవాల.”

“ఎన్ని కావాలన్నా తీస్కోపో. కట్టలకు కట్టలే వస్తాండాయి. పురికొస కూడా ఇప్పరు ఆ పుణ్యాత్ములు!”

అమ్ముడు పోని పత్రిక. అయినా ప్రతి వారం అచ్చవుతోంది.

“ఎవరమ్మా తెచ్చేది?”

“ఇంకెవరు? నూనెమిల్లు జీపులో తెచ్చి పడేస్తారు.”

ఆమె త్రాసు వైపు చూస్తూనే ఆ మాట అంది. తాను ఎందుకు అడుగుతున్నాడో ఆమెకు తెలియదు. అబద్ధం చెప్పి ఆమెకు ఒరిగేదీ లేదు. ప్రభుదాసు కట్టలు విప్పి వరసగా చూశాడు. సినిమా కబుర్లు, పంటల ధరలు, తహసీల్దారు మీద తిట్లు. నరసింహులు మీద ఒక్క ముక్క లేదు. లింగమ్మ మొగుడు చచ్చిన వారం సంచికలో ఆ చావు ఊసే లేదు.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు కదలబోతుండగా ఎవరో పరుగున ఎక్కి పక్కన కూలబడ్డారు. సంజీవయ్య!

“సార్! ఆళ్లగడ్డలో తమరికేం పని?”

మద్దిలేటి కబురు చేరిందన్నమాట. ప్రభుదాసు అతనికి చోటిచ్చి దగ్గరికి వంగాడు.

“మీకోసమే వచ్చినా,” అన్నాడు. “ఇంట్లో వినే చెవులు ఎక్కువ. లింగమ్మ గడివేముల దాటినాక పాత సత్రంలో ఉంది. ఈ పూటే పోయి రాసుకోండి. రేపు వేరే చోటికి మారుస్తారంట.”

ఆ సత్రానికి కప్పు కూలి ఏళ్లయింది. అక్కడ పిల్లి కూడా ఉండదు.

సంజీవయ్య కళ్లు మెరిశాయి. “నేరుగా అక్కడికే పోతా సార్!”

గడివేములకు పోవాలంటే నంద్యాల దాకా వచ్చి తీరాలి. కానీ సిరివెళ్లలో బస్సు ఆగగానే సంజీవయ్య, “ఈడ చిన్న పనుంది,” అంటూ దిగిపోయాడు. ప్రభుదాసు తల బయటపెట్టి చూశాడు. విలేకరి రోడ్డు దాటి, ఆళ్లగడ్డ వైపు పోయే బస్సు కోసం చెయ్యెత్తి నిలబడ్డాడు.

అతను పోయేది నరసింహులు దగ్గరికే. ఇక అడగాల్సిన వాళ్లు ఎవరూ మిగల్లేదు. నూనెమిల్లు జీపు గడివేములకు పోతుంది. కూలిన సత్రం చూసి, నేరుగా తన ఇంటికి వస్తుంది.

ఇంట్లో అడుగుపెడుతూనే అన్నాడు: “కృపా, నీ తెల్లచీర లింగమ్మకు కట్టు. కోర్టుకు పోతాండాం.”

“వాయిదా వచ్చే వారం కదండీ?”

“వచ్చే వారం దాకా బతకనియ్యరు. మేజిస్ట్రేటు కాళ్లు పట్టుకునైనా ఇప్పుడే వాంగ్మూలం రాయించాల.”

ప్రార్థనకు పోతున్న వాళ్లలా ముగ్గురూ బజారు దాటారు. వెనక బండి చప్పుడైనప్పుడల్లా ప్రభుదాసు లింగమ్మకు అడ్డంగా జరిగాడు. కోర్టులో ప్లీడరు గుమస్తాను బతిమాలితే అతను లోపలికి కబురు పంపాడు. మేజిస్ట్రేటు సంగతి విని, లింగమ్మ ఒక్కదాన్నే రమ్మన్నాడు. తలుపు మూసుకుంది.

వరండాలో ప్రభుదాసు కూర్చోలేకపోయాడు. కృపావతి పెదాలు చప్పుడు లేకుండా కదులుతున్నాయి. ఉన్నట్టుండి కిటికీలోంచి లింగమ్మ గొంతు ఖంగుమంది.

“నరికించింది నూనెమిల్లు నరసింహులు. నేను చూసినా సామీ. వాడు చుట్ట కాలుస్తా నిలబడినాడు.”

వరండాలో ఉన్న ప్లీడర్లు, కక్షిదార్లు అందరూ ఒక్కసారి అటు తిరిగారు. ఇంత కాలం గోతాల మధ్య దాచిన మాట ఇప్పుడు నంద్యాలంతా విన్నట్టే.

బొటనవేలి సిరాను తలకు రాసుకుంటూ లింగమ్మ బయటికి వచ్చింది. ఇద్దరు కానిస్టేబుళ్లు ఆమెకు కాపలాగా వెంట నడిచారు.

“భయమైతాందా?” అని అడిగింది కృపావతి.

“ఆకలైతాంది,” అంది లింగమ్మ.